రుచి చూడకుండా వండిన కలే పండ్ల పాకం

తొలి ఏకాదశి నాడు పొద్దున తులసి కోట దగ్గర దీపం పెట్టి వెనక్కి తిరిగేసరికి పుష్ప గేటు లోపల నిలబడి ఉంది. నెత్తి మీద గంప, గంప మీద తడి టేకాకులు.

"తెచ్చిన పెద్దమ్మా. ఒక్క పచ్చికాయ లేకుండ ఏరిన. జల్దీ పొయ్యి ముట్టించు" అంది గంప దించుతూ.

ఆకులు తీసి చూశాను. కలే పండ్లు. మా పుట్టింటి మధిర వైపు కలివి పండ్లంటారు. అడవి అంచున ముళ్ల పొదలకు కాస్తాయి. చిన్న గోలీకాయంత ఉంటాయి, పండితే నల్లగా నిగనిగలాడతాయి. పచ్చివి కొరికితే పళ్లు పులుస్తాయి. పండినవి కూడా పూర్తి తీపి కావు, తీపి వెనకాలే పులుపు వస్తుంది. తెంపిన చోట తెల్లటి పాలు కారి వేళ్లకు బంకలా అంటుకుంటాయి. పుష్ప వేళ్ల నిండా ఆ బంక, ముళ్ల గీతలు.

పుష్పది బూర్గంపాడు అవతల, వాగు దాటాక అడవి లోపలున్న చిన్న కోయ ఊరు. నాలుగేళ్ల కింద సంతలో ఆమె దగ్గర చింతపండు కొన్నాను. అప్పటి నుంచి ఏ కాలపు పండు ఆ కాలంలో మా ఇంటికి తెస్తుంది. ఈ పండ్లతో పాకం చేయడం నాకు నేర్పింది కూడా ఆమే. అదేం పెద్ద విద్య కాదు. పండ్లను నీళ్లలో వేసి పాలు పోయేదాకా కడగాలి. చేత్తో పిసికి, పలచటి బట్టలో వేసి గింజలు, తొక్కలు పోయేలా వడగట్టాలి. ఆ రసంలో బెల్లం, ఉప్పు, చిటికెడు శొంఠి, దంచిన ఎండుమిర్చి వేసి మట్టి అటికలో సన్న మంట మీద దగ్గర పడేదాకా ఉడికించాలి. అంతే. ఇడ్లీకి, దోసెకు, ఆఖరికి పెరుగన్నంలోకి కూడా బాగుంటుంది.

పోయినేడు మా ఆయన ఒక చిన్న సీసా తీసుకుపోయి హరిలాల్‌కు ఇచ్చాడు. హరిలాల్‌కు భద్రాచలం వంతెన దగ్గర టిఫిన్ సెంటర్ ఉంది. బొగ్గు గనిలో రిటైరయిన దగ్గర నుంచి మా ఆయన పొద్దున పూట ఉండేది అక్కడే. గుడికి వచ్చిన యాత్రికులు ఆ ఎర్రటి పాకం ఏమిటని అడిగి మరీ వేయించుకున్నారట. ఈసారి పండ్లు రాగానే హరిలాల్ కబురు పంపాడు. ఏకాదశి మర్నాడు సోమవారం పొద్దున్నే ఒక సీసా తెచ్చి చూపిస్తే, నచ్చితే పండ్లున్నన్ని రోజులూ రోజూ తీసుకుంటాడు. తేకపోతే ఖమ్మం నుంచి సాస్ డబ్బాలు తెప్పించుకుంటాడు.

ఆ కబురు మీద పుష్ప చాలా ఆశ పెట్టుకుంది. బుధవారం వాళ్ల ఊరికి మేస్త్రి బండి వస్తుంది. ఆడవాళ్లను సత్తుపల్లి అవతలికి నాట్లకు తీసుకుపోతుంది. పోయినవాళ్లు నెల దాటితే గానీ తిరిగి రారు. పుష్ప భర్త బోరు లారీ మీద ఏ రాష్ట్రంలో ఉన్నాడో ఆమెకే సరిగా తెలియదు. ఇంట్లో మామ పోతయ్య ఒక్కడు. పన్నెండు రోజులుగా ఆయనకు చలిజ్వరం. ఆమె పోతే ఆ ముసలాయనకు గంజి కాచి పోసేవాళ్లు లేరు. హరిలాల్ పాకం తీసుకుంటే ఈ నెల ఇంటి పట్టున ఉండి మామను చూసుకోవచ్చు. తీసుకోకపోతే ఏం తిని ఇంట్లో కూర్చోవాలి?

పొయ్యి పెరట్లో ముట్టించాను. పండ్లు కడుగుతూ పుష్ప అంది:

"ఒక మాట ముందుగాల్నే చెప్త పెద్దమ్మా. నేను దీన్ని నోట్లె పెట్ట."

"ఎందుకే?"

"ఇంకా మా ఊరి తల్లికి పెట్టలే. కొత్త పండు తల్లి తినంది మా ఊళ్లె ఎవరం తినం. తెంపొచ్చు, అమ్మొచ్చు, వండొచ్చు. నాలుక మీద పెట్టొద్దు. ఊరి పూజారి మా మామ, పండుగ ఆయననే చెయ్యాలె. ఆయన మంచం దిగితే గద."

నాకు నవ్వొచ్చింది. "నాకేమో ఇయ్యాల ఏకాదశి. ఉప్పు తగిలింది ఏదీ ముట్టను."

"మంచిగ కుదిరినం ఇద్దరం" అని తనూ నవ్వింది.

"రేపు ద్వాదశి. పొద్దున్నే నేను రుచి చూస్తలే."

"పొద్దుగాల ఏడింటికి హరిలాల్ దుకాణంల ఉండాలె. అప్పుడు చూసి, ఉప్పెక్కువైంది పుష్పా అంటే నేనేం జేసేది? నెత్తి మీద పోసుకోవాల్నా?"

నిజమే. "మీ పెద్దయ్య ఉన్నడు గద, ఆయనకు ఏ ఉపవాసమూ లేదు" అన్నాను. అనగానే నాకే నమ్మకం కలగలేదు. పోయిన నెల పప్పులో ఉప్పు మరిచిపోతే కూడా, బాగుందని రెండోసారి వేయించుకున్న మనిషి ఆయన.

ఇరవై ఏడేళ్లుగా దేవుడికి నైవేద్యం చేస్తున్నాను. నైవేద్యం రుచి చూసి పెట్టకూడదు కాబట్టి చేతి కొలతతోనే వండుతాను. అందులో నాకు కొంత గర్వం ఉండేది. పుష్ప వంట చూశాక ఆ గర్వం తగ్గింది. నేను కొలతను నమ్ముతాను. ఆమె కుండను నమ్ముతుంది.

రసం వడకట్టాక ఒక చుక్క బొటనవేలి గోరు మీద వేసుకుని వెలుతురుకు పెట్టి చూసింది. "పులుపు ఎక్కువున్నది ఈసారి. వానలు ముందుగాల్నే పడ్డయ్ గద" అంది. గోరు మీద రంగు చూసి పులుపు ఎలా తెలిసిందని అడిగితే, "పుల్లటి రసం పారుతది, తియ్యటిది నిలబడతది" అంది. బెల్లం ఒకేసారి వేయలేదు. ముక్కలు ముక్కలుగా వేస్తూ అటికలోకి వంగి బుడగలు చూసింది. మొదట ఆవగింజలంత బుడగలు, గలగలమని. తర్వాత పెద్దవి, బరువుగా, ఒక్కొక్కటే లేచి పగిలేవి. "గిప్పుడు మాట్లాడుతలేదు, మూలుగుతున్నది. బెల్లం సరిపోయింది" అంది. మిర్చి సంగతి ఆవిరి మీద ముఖం పెట్టి తెలుసుకుంది. ఆమెకు ఒక తుమ్ము వచ్చింది. "రెండు తుమ్ములొస్తే ఎక్కువైనట్టు" అని చెప్పి, ఇంకో తుమ్ము రాకుండా ముక్కు పట్టుకుని దూరం జరిగింది. నేను నవ్వితే, "నవ్వకు పెద్దమ్మా, కారం పోతది" అంది.

ఇంత తెలిసిన మనిషికి కూడా ఒక్కటి మాత్రం కంటికి ఆనదు, ముక్కుకు తెలియదు. అదే ఉప్పు.

మధ్యలో నేను లోపలికి వెళ్లి సహస్రనామం చదువుకుని వచ్చాను. అప్పటికి పుష్ప వడకట్టిన బట్ట ఉతకడానికి నల్లా దగ్గరికి పోయింది. ఉప్పు జాడీ మూత బిగించి ఉంది. ఇంకా వేయలేదనుకుని, గోవిందా అనుకుంటూ ఒక గుప్పెడు కల్లుప్పు వేసి కలిపాను.

పాకం దగ్గర పడ్డాక మా ఆయన్ను పిలిచాం. గరిటెతో కాస్త ఆకులో వేసి ఇచ్చింది పుష్ప. నాకి, తల ఊపాడు.

"మంచిగనే ఉంది."

"ఉప్పెట్లుంది పెద్దయ్యా?"

"ఉంది."

"ఎక్కువనా, తక్కువనా?"

"ఉప్పు ఉప్పు లెక్కనే ఉంది. మంచిగుంది అంటున్న గదనే!"

పుష్ప నా వైపు చూసింది. "పెద్దమ్మా, పెద్దయ్య నాలుక నమ్మి నేను వంతెన దాటలేను" అంది.

"ముప్పై ఎనిమిదేండ్లు బొగ్గు దుమ్ము తిన్న నాలుక. దానికి గింతకన్న ఏం తెలుస్తది" అని ఆయన ఖైనీ డబ్బా తీసుకుని బయటికి పోయాడు.

అప్పుడు పుష్ప చేసిన పని నేను మరిచిపోలేను. గరిటె అంచు నుంచి ఒక చుక్క టేకాకు మీద రాల్చి, ఆరేదాకా ఊదింది. ఆ ఆకు తీసుకుపోయి తులసి కోట పక్కన పెట్టింది. అక్కడ నల్లచీమల బారు ఒకటి ఎప్పుడూ ఉంటుంది. నైవేద్యం బెల్లం రాలితే మోసుకుపోతుంటాయి. తను గొంతుకూర్చుని చూస్తోంది. నేనూ పక్కన కూర్చున్నాను.

రెండు చీమలు బారు విడిచి ఆకు ఎక్కాయి. చుక్క దగ్గరికి వచ్చి మీసాలు ఆనించాయి. ఆగాయి. వెనక్కి తిరిగి పోయాయి. ఇంకొకటి వచ్చింది. అదీ అంతే, చుట్టూ ఒకసారి తిరిగి వెళ్లిపోయింది.

"గింత తీపి పెట్టుకొని చీమ రాకపోతే, ఉప్పే పెద్దమ్మా. ఉప్పెక్కువైంది" అంది పుష్ప. ముఖం వాడిపోయింది. "నేను ఏసింది గుప్పెడే. పోయినేడు గంతనే ఏసిన."

నేను గబుక్కున ఉప్పు జాడీ వైపు చూశాను. "ఎప్పుడు వేసినవ్?"

"నువ్వు లోపల చదువుకుంటున్నప్పుడు."

"నేను కూడా వేసిన పుష్పా. మూత బిగించి ఉంటే ఇంకా వేయలేదనుకున్న."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నన్ను ఏమైనా అంటుందేమో అనుకున్నాను. అంటే పడవలసిందే. ఆమె బతుకుతెరువు కుండలో నేను గుప్పెడు ఉప్పు పోశాను. ఎవరో ఒకరు నాలుక మీద చుక్క వేసుకునే ఇంట్లో ఈ పొరపాటు జరగదు. ఇద్దరం నిష్ఠగలవాళ్లం కాబట్టి జరిగింది.

పుష్ప మాత్రం లేచి గంప వైపు చూసింది. "సంతకని పక్కకు పెట్టిన పండ్లున్నయ్. అవి కూడ పిసుకుదాం. బెల్లం ఉన్నదా ఇంట్ల?"

ఉంది. రేపు ద్వాదశి పరమాన్నానికని దేవుడి గూట్లో విడిగా పెట్టిన అచ్చు ఒకటి. దేవుడికని తీసిపెట్టింది ఇంకో పనికి వాడకూడదని మా అత్తగారు చెప్పేవారు. గూటి ముందు నిలబడి రామయ్యను అడిగాను. ఒక పూట పరమాన్నం లేకపోతే నీకేం కొరత? ఒక మనిషి ఇల్లు విడిచి పోకుండా ఉంటే అది నీకు నైవేద్యం కాదా? ఆయన ఎప్పటిలాగే ఏమీ అనలేదు. వద్దని కూడా అనలేదు కదా అని అచ్చు తీసుకుని వచ్చాను.

రెండో దఫా రసం పోసి, అచ్చంతా కొట్టి వేసి, మళ్లీ సన్న మంట మీద గంటన్నర ఉడికించాం. ఈసారి ఉప్పు జాడీ తీసుకుపోయి మా ఆయన కూర్చున్న మంచం కింద పెట్టాను, ఇద్దరిలో ఎవరి చేయీ పోకుండా. మళ్లీ ఒక చుక్క ఆకు మీద. ఈసారి మొదటి చీమ వెనక్కి పోలేదు. తర్వాత మూడు, పది. కాసేపటికి చుక్క చుట్టూ చీరకు నల్లంచు కుట్టినట్టు నిలబడ్డాయి.

మా ఆయన వచ్చి చూశాడు. "నేను పనికిరాకుంటే చీమలకు ఇచ్చిండ్రా నౌకరీ?"

"చీమకు ఏకాదశి లేదు, పండుగా లేదు పెద్దయ్యా. ఖైనీ కూడ లేదు" అంది పుష్ప.

చీమ నాలుకా మనిషి నాలుకా ఒకటేనా అన్న అనుమానం నాకు ఆ రోజంతా ఉంది. కానీ ఆమె దగ్గర ఇంకో దారి లేదు. లేని దారిని అలా వెతికి తీసిందే అని మనసులో మెచ్చుకుంటూనే ఉన్నాను.

సోమవారం తెల్లవారక ముందే స్నానం చేసి, పూజ ముగించి, పప్పన్నం నైవేద్యం పెట్టి పారణ చేశాను. ఏడింటికి ముగ్గురం హరిలాల్ దుకాణంలో ఉన్నాం. హరిలాల్ లంబాడీ మనిషి. బుర్ర మీసాలు, పెద్ద గొంతు. పెనం మీద నీళ్లు చల్లుతూనే పలకరించాడు.

"రా అనంతక్కా! తెచ్చిన్రా మీ ఎర్ర సాస్? రంగైతే ఏక్‌దమ్ ఉంది!"

మూత తీసి వాసన చూసి కళ్లు మూసుకున్నాడు. తర్వాత సీసా పుష్ప ముందు పెట్టి స్పూన్ ఇచ్చాడు.

"తిను చెల్లె."

"నేనా?"

"నా హోటల్ల రూల్ ఇది. బయట వండింది ఏదైనా సరే, వండినోళ్లు నా కండ్ల ముందట తినాలె, తర్వాతనే ప్లేట్ల ఏసేది. రెండేండ్ల కింద ఒకామె తొక్కు తెచ్చిచ్చింది. ఇరవై మంది యాత్రికులు లాడ్జిల కడుపు పట్టుకొని పన్నరు. తర్వాత అడిగితే, ఆమె తొక్కు ఆమెనే నోట్లె పెట్టలేదట!"

"నేను తింటా" అని స్పూన్ తీసుకున్నాను. నోట్లో పెట్టుకోగానే మొదట తీపి తగిలింది, దాని వెంట పులుపు, అన్నీ అయ్యాక గొంతులో చిన్న మంట. ఉప్పు ఎక్కడా తలెత్తలేదు. చీమలకు మనసులో దండం పెట్టుకున్నాను. "బాగుంది హరిలాల్. ఒట్టు."

"నువ్వు తిన్నవ్, మంచిదే అక్కా. రోజూ వండేది ఎవరు?"

"పుష్ప."

"గట్లయితే పుష్ప తినాలె."

పుష్ప నిదానంగా చెప్పింది, తల్లికి ఇంకా కొత్త పండు పెట్టలేదని, పెట్టేదాకా తినదని. హరిలాల్ అట్లకాడ ఆపి చూశాడు.

"ఇక్కడ ఎవరు చూస్తున్రు చెల్లె? గోదారి దాటినవ్. మీ తల్లి వంతెన దాటి రాదులే."

"తల్లి దాటదేమో. నేను దాటి వచ్చిన గదన్నా."

బల్ల దగ్గర దోసె తింటున్న ఒక ముసలాయన నవ్వాడు. హరిలాల్ కూడా నవ్వాడు గానీ సీసా వైపు చేయి చాపలేదు. "నీ మాట నీకు గొప్ప, నా రూల్ నాకు గొప్ప. మరి ఎట్ల?" అని కాసేపు ఆలోచించి నా వైపు తిరిగాడు. "అక్కా, నువ్వే వండు. నువ్వు తింటవ్, నాకు నమ్మకం. నీ దగ్గర్నే తీసుకుంట."

ఉన్నదున్నట్టు చెప్పాలంటే ఒక్క క్షణం నా మనసు లాగింది. వంతెన దగ్గర దుకాణంలో నా చేతి వంట, యాత్రికులు అడిగి అడిగి తినడం. ఎవరికి ఆశ ఉండదు? అంతలో పుష్ప అంది:

"అదీ మంచిదే పెద్దమ్మా. పండ్లు నేను తెచ్చిస్త. నువ్వు వండు."

ఆమె గొంతులో కొంచెం కూడా కినుక లేదు. ఉట్టి పండ్లకు వచ్చేదానితో ఆమె నెల గడవదని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. నాకు సిగ్గేసింది.

"ఈ వంట నాది కాదు హరిలాల్. నేను వండితే నిన్ననే ఉప్పు కషాయం అయ్యేది. దాన్ని పాకం చేసింది పుష్ప" అన్నాను.

"మరి ఈ పండుగ ఎప్పుడు?"

"మా మామ లేసినప్పుడు" అంది పుష్ప.

"మామ ఎప్పుడు లేస్తడు?"

"జ్వరాన్ని అడగాలె అన్నా."

హరిలాల్ చేతులు దులిపి పెనం వైపు తిరిగాడు. బేరం పోయిందని నాకు అర్థమైంది. అప్పుడు నా నోట ఒక మాట వచ్చింది. ఎవరు పలికించారో తెలియదు.

"నీ రూల్ ఏంది హరిలాల్? వండినోళ్లు నీ కండ్ల ముందట తినాలె, అంతే గద? ఈ దుకాణంలనే తినాలని ఉందా? పండుగ నాడు వాళ్ల ఊరికి రా. తల్లి ముందు తింటది. చూద్దువు."

"ఒక స్పూన్ తినేది చూడనీకె దుకాణం మూసుకొని వాగు దాటి రావాల్నా? మస్త్ చెప్పినవ్ అక్కా!" అన్నాడు. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. ఇంకో దోసె పోశాడు. పుష్ప సీసా మూత బిగించి కొంగులో చుట్టుకుంది.

మంగళవారం నేను సగ్గుబియ్యం, గుడి తీర్థం తీసుకుని వాళ్ల ఊరికి వెళ్లాను. పోతయ్య పందిరి కింద నులక మంచంలో దుప్పటి కప్పుకుని ఉన్నాడు. మనిషి ఎండిపోయాడు గానీ కళ్లల్లో వెలుగు ఉంది.

"పండ్లు రాలిపోతున్నయమ్మా. పిల్లలు పొదల కాడ నిలబడి చూసుకుంట ఇంటికి పోతున్నరు. ఒక్కడు ముట్టడు. నా కాళ్లే లేస్తలేవు" అన్నాడు.

రేపే మేస్త్రి బండి వస్తుంది. రేపటిలోగా పండుగ అయితే పుష్ప తింటుంది, హరిలాల్‌కు ఇస్తుంది, పోవలసిన పని ఉండదు. ఈ మాట ఆయనకు తెలిస్తే ఎలాగైనా లేస్తాడని అనిపించింది. "పోతయ్య తాతా, ఒక సంగతి..." అని మొదలుపెట్టాను. పుష్ప గంజి గిన్నె పట్టుకుని నా ముందుకు వచ్చి నిలబడింది. నేను మాట మార్చి వానల గురించి అడిగాను.

వాగు దాకా సాగనంపడానికి వచ్చినప్పుడు అంది:

"మామకు చెప్పకు పెద్దమ్మా. చెప్తే పాక్కుంటనన్న పోయి చేస్తడు. గట్ల చేస్తే అది తల్లికి చేసిన పండుగ గాదు. నాకు చేసిన పండుగ."

ఆ మాట నన్ను ఇంటిదాకా వదల్లేదు. నేను ఇన్నేళ్లుగా చేసిన ఏకాదశులు ఉన్నాయి. పిల్లల పరీక్షలకని కొన్ని, ఆయన గనిలో క్షేమంగా ఉండాలని కొన్ని, పెళ్లిళ్లు కుదరాలని కొన్ని. తప్పనను. అడగడానికి ఆ రామయ్య కాక ఇంకెవరున్నారు? కానీ ఏమీ అడగకుండా చేసింది ఒక్కటైనా ఉందా అని వెతుక్కుంటే గుర్తుకు రాలేదు.

బుధవారం బండి వచ్చింది. మేస్త్రి మూడుసార్లు హారన్ కొట్టాడట. పుష్ప గడపలో నిలబడి, రానని చెయ్యి ఊపిందట. హరిలాల్ వస్తాడన్న హామీ లేదు, మామ లేస్తాడన్న హామీ లేదు. ఇంట్లో బియ్యం ఎన్ని ఉన్నాయో నేను అడగలేదు. మా ఆయన చేత కొన్ని పంపిస్తే, "చేబదులు అనుకుంట, పండ్ల కింద తీరుస్త" అని తీసుకుందట.

శుక్రవారం సాయంత్రం ఫోన్ వచ్చింది. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కి చేసినట్టుంది, ఆయాసపడుతోంది.

"పెద్దమ్మా, మామ ఇయ్యాల చెట్టు దాకా నడిచిండు. ఎల్లుండి పొద్దుగాల తల్లికి పెడతమన్నడు. నువ్వు రా."

నేనే వెళ్లి హరిలాల్‌కు చెప్పాను. "ఆదివారమా? ఆదివారం నాకు ఊపిరి తీసుకోనీకె టైం ఉండదు అక్కా" అన్నాడు. అంతకు మించి అడగలేకపోయాను. అంత దూరం ఎందుకు వస్తాడు? ఖమ్మం డబ్బాలు ఒక్క ఫోన్ చేస్తే వస్తాయి.

ఆదివారం వాన లేదు. ఊరి చివర చెట్ల మధ్య రాళ్ల గద్దె. అదే తల్లి. గుడి లేదు, గంట లేదు. నేను చెప్పులు విడిచి ఒక పక్కన కూర్చున్నాను. పోతయ్య తెల్ల పంచె కట్టుకుని, కర్ర పట్టుకుని, ఎవరి భుజమూ పట్టుకోకుండా నడిచి వచ్చాడు. ఆకు దొప్పల్లో కలే పండ్లు పెట్టి వాళ్ల భాషలో ఏదో చెప్పుకున్నాడు. నాకు అర్థం కాలేదు గానీ చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి. పిల్లలంతా దొప్పల వైపే చూస్తున్నారు. ఒక్కరూ కదలడం లేదు.

అప్పుడు వాగు వైపు నుంచి బండి చప్పుడు వినిపించింది. హరిలాల్. ప్యాంటు మోకాళ్ల దాకా తడిసింది, మీసాల మీద బురద.

"అయిపోయిందా?" అని నా చెవిలో అడిగాడు. గుసగుసగా అడిగాననుకున్నాడు గానీ అందరూ తిరిగి చూశారు.

"ఇంకా లేదు. చెప్పులిడువు."

పోతయ్య మొదటి పండు గద్దె మీద పెట్టి, రెండోది తను నోట్లో వేసుకున్నాడు. తర్వాత దొప్పలు అందరికీ పంచారు. పుష్ప రెండు పండ్లు తిన్నది, నెమ్మదిగా, గింజలు కూడా వదలకుండా. ఆ తర్వాత సీసా తెచ్చింది. ఈ వారమంతా పాడవకుండా పూటకొకసారి కాచి పెట్టిందట. కొంచెం ఆకులో వేసుకుని నాకింది. హరిలాల్ మెడ ముందుకు చాచి చూస్తున్నాడు.

పుష్ప ముఖం చిట్లించింది.

"బెల్లం మస్తయింది."

"ఏంది?" అన్నాడు హరిలాల్.

"పులుపు సచ్చిపోయింది అన్నా. ఇది పాకం గాదు, మిఠాయి."

నేను తల దించుకున్నాను. ఆ బెల్లమంతా నా గుప్పెడు ఉప్పు తెచ్చిన తంటానే. హరిలాల్ ఆకు లాక్కుని తనూ నాకి చూశాడు. ఇంకోసారి నాకాడు. "మంచిగుంది గద చెల్లె! నా యాత్రికులకు గిట్లనే కావాలె. ఇటియ్యి సీసా."

పుష్ప సీసా వెనక్కి పెట్టుకుంది. "ఇది నేనియ్య."

"అరే! తినమంటే తినలే, ఇయ్యాల తిన్నవ్. నేను వాగుల పడి లేసి వచ్చిన. ఇప్పుడు ఇయ్యనంటవేంది?"

"తినకుండ వండింది ఇది. ఎట్లున్నదో నాకే తెల్వదు అప్పుడు. ఇప్పుడు తెలిసింది. తెలిసి తెలిసి గిది ఎట్ల ఇస్తనన్నా? రేపు మంచిగ వండి తెస్త. నచ్చకుంటే మీ ఖమ్మం డబ్బాలు తెప్పించుకో."

హరిలాల్ ఆమెను చూశాడు, నన్ను చూశాడు. తడిసిన ప్యాంటు పిండుకుంటూ పెద్దగా నవ్వాడు.

"డబ్బాల మీద ఎవరు వండిన్రో కూడ రాయరు చెల్లె. తే, రేపు తే. ఎల్లుండి తే. పండ్లు అయిపోయే దాకా తే. ఏడు దాటితే మాత్రం తీసుకోను, టిఫిన్ టైం ఐపోతది."

"ఆరున్నరకే ఉంట."

"మామను ఎవరు చూస్తరు గప్పుడు?"

"మొదటి బస్సుకు వచ్చి తొమ్మిదింటికి ఇంట్ల ఉంట. మామ గప్పటి దాక పండుకునే ఉంటడు."

పోతయ్యకు అప్పుడే సంగతంతా తెలిసింది. బండి ఎందుకు ఎక్కలేదే అని కోడలిని వాళ్ల భాషలో గట్టిగా ఏదో అన్నాడు. తిట్టాడనుకుంటా. పుష్ప జవాబు చెప్పకుండా ఆయన దొప్పలో పాకం పోసింది. ముసలాయన వేలితో తీసుకుని తిని, మళ్లీ దొప్ప చాపాడు. పిల్లలు మీద పడ్డారు. సీసా అక్కడికక్కడే ఖాళీ అయింది. నేనూ ఒక ఆకు పట్టుకుని వరుసలో నిలబడ్డాను.

పుష్ప ఖాళీ గంప చంకన పెట్టుకుని పొదల వైపు నడిచింది. "పులుపు మిగలాలంటే సగం దోరవి తెంపాలె పెద్దమ్మా. రా, చూపిస్త. ముళ్లు జాగ్రత్త" అంది.

నేను కొంగు నడుముకు చుట్టుకుని ఆమె వెనకాలే వెళ్లాను.